డ్రాఫ్ట్‌లో తీసుకున్నారు, మ్యాచ్‌లో మాత్రం దింపడం లేదు

ప్రశ్న: మాది కరీంనగర్. పాతికేళ్లుగా అమెరికాలో ఉన్నాం, ఇప్పుడు టెక్సస్‌లోని ఫ్రిస్కోలో. మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు. వయసు 22. కాలేజీ సాకర్‌లో (మన ఫుట్‌బాల్) వింగర్‌గా, అంటే అంచు నుంచి దాడి చేసే ఆటగాడిగా, బాగా ఆడితే ఇక్కడి పెద్ద లీగ్ ఎంఎల్ఎస్‌లో క్లబ్‌లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే సూపర్ డ్రాఫ్ట్ రెండో రౌండ్‌లో ఒక క్లబ్ తీసుకుంది. బంధువులందరికీ పార్టీ ఇచ్చాం. తీరా చూస్తే మెయిన్ టీమ్‌లోకి కాకుండా నెక్స్ట్ ప్రో అనే కింది లీగ్‌లో ఆడే రెండో టీమ్‌కి పంపారు. అక్కడా చివరి పదిహేను నిమిషాలకే దించుతున్నారు, అది కూడా రైట్ బ్యాక్‌గా (కుడివైపు డిఫెండర్‌గా). వాడు ఫోన్ ఎత్తడం మానేశాడు. ఎత్తినా చిరాకు. కోచ్‌కి నేనే మెయిల్ రాశాను, జవాబు లేదు. ఒక ఏజెంట్ పోర్చుగల్‌లో ట్రయల్స్ ఇప్పిస్తానంటున్నాడు. డిగ్రీకి ఇంకా రెండు కోర్సులు మిగిలిపోయాయి. మా బావమరిది కొడుకు ఇదే వయసులో ఆస్టిన్‌లో మంచి ఉద్యోగంలో ఉన్నాడు. ఇక్కడే ఉండాలా, యూఎస్ఎల్ అనే ఇంకో లీగ్‌లోని క్లబ్‌కి లోన్ మీద (కొంతకాలం అప్పుగా) వెళ్లాలా, యూరప్ వెళ్లాలా, ఆట మానేసి ఎంఎస్ చేయాలా? నాలుగూ పోల్చి చెప్పండి. రెంటికీ చెడ్డ రేవడి అవుతాడేమోనని భయంగా ఉంది.

జవాబు: నాలుగూ పోలుస్తాను. కానీ మీ అసలు ప్రశ్న చివరి వాక్యంలో ఉంది కాబట్టి అక్కడ మొదలుపెడతాను. ఇలాంటి ఉత్తరాలు క్రికెట్ ఆడే పిల్లల ఇళ్ల నుంచి, బ్యాడ్మింటన్ ఆడే పిల్లల ఇళ్ల నుంచి నాకు వస్తూనే ఉంటాయి. ఆట పేరు మారుతుంది, బావమరిది కొడుకు మాత్రం మారడు.

మీ అబ్బాయి రెంటికీ చెడలేదు. వయసు 22. డిగ్రీకి మిగిలింది రెండే కోర్సులు. అమెరికా పౌరసత్వం ఉంది. ఒక ప్రొఫెషనల్ క్లబ్‌లో జీతం తీసుకుంటూ రోజూ శిక్షణ పొందుతున్నాడు. 25 ఏళ్లకు ఆట మానేసి ఎంఎస్‌లో చేరినా అతన్ని ఆలస్యంగా వచ్చావని ఎవరూ అనరు. మన బంధువులు అంటారేమో, అడ్మిషన్ కమిటీ మాత్రం అనదు. ఆ భయాన్ని ముందు పక్కన పెట్టండి. అది పోకుండా ఏ దారి ఎంచుకున్నా ఆరు నెలలకు మళ్లీ ఇదే ఉత్తరం రాస్తారు.

ఇక డ్రాఫ్ట్ సంగతి. మీరు పార్టీ ఇచ్చినప్పుడు మనసులో ఉన్నది బాస్కెట్‌బాల్ డ్రాఫ్ట్ అనుకుంటాను. సాకర్‌లో ఆ మాటకు అంత బరువు లేదు. పెళ్లిచూపుల్లో అబ్బాయి నచ్చాడని కబురు పంపడం లాంటిది ఇది, తాంబూలాలు ఇంకా పుచ్చుకోలేదు. ఆ లీగ్‌లో మీవాడితో మాట్లాడే హక్కు ఆ క్లబ్‌కి దక్కుతుంది, అంతే. కాంట్రాక్టు ఇస్తారా, ఇస్తే ఏ టీమ్‌కి అన్నది జనవరిలో సీజన్ ముందు జరిగే క్యాంపులో తేలుతుంది. చాలామందికి అక్కడ కూడా దక్కదు. మీవాడికి దక్కింది.

2000లో సూపర్ డ్రాఫ్ట్ మొదలైనప్పుడు కొత్త ఆటగాళ్లు లీగ్‌లోకి వచ్చే పెద్ద దర్వాజా అదే. 2008లో హోంగ్రోన్ పద్ధతి వచ్చాక క్లబ్‌లు సొంత అకాడమీల్లో పెంచిన పిల్లల్ని డ్రాఫ్ట్‌తో పని లేకుండా నేరుగా సంతకం చేయించుకుంటున్నాయి. మీ ఊళ్లోనే ఉన్న ఎఫ్‌సీ డల్లాస్ అకాడమీ ఆ పనికి పెట్టింది పేరు. దాంతో డ్రాఫ్ట్ విలువ తగ్గింది. ఇప్పుడున్నవి మూడు రౌండ్లే. చివరి రౌండ్‌లో కొన్ని క్లబ్‌లు ఎవరినీ తీసుకోకుండా 'పాస్' అంటాయి కూడా.

మీవాడు బెంచ్ మీద ఎందుకున్నాడో కూడా ఇందులోనే తెలుస్తుంది. 2022లో మొదలైన నెక్స్ట్ ప్రోని చాలా క్లబ్‌లు తమ పిల్లల్ని తయారుచేసుకునే చోటుగా వాడుకుంటాయి. అక్కడ మీవాడితో పోటీపడేది పదహారు, పదిహేడేళ్ల అకాడమీ కుర్రాళ్లు. ఆ కుర్రాళ్ల మీద క్లబ్ ఏళ్ల తరబడి ఖర్చు పెట్టింది, రేపు వాళ్లను అమ్ముకుంటే డబ్బు వస్తుంది. అందుకని ఆడించి చూపిస్తుంది. ఇది చాలదన్నట్టు మెయిన్ టీమ్‌లో గాయం నుంచి కోలుకున్నవాళ్లు, అక్కడ ఆట దొరకనివాళ్లు వారాంతంలో కిందికి దిగి నిమిషాలు తీసుకుంటారు. వీళ్లందరి తర్వాత మిగిలిన నిమిషాలు మీవాడివి. అతను బాగా ఆడటం లేదనే అర్థం ఇందులో ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఆ రెండిట్లో ఏదో తెలుసుకోవడమే ఇప్పుడు అతని పని.

అడగాల్సింది అతనే. కోచ్‌కి మీరు మెయిల్ రాయడం నాకు అస్సలు నచ్చలేదు. ఇరవై రెండేళ్ల ఉద్యోగి తరఫున వాళ్ల నాన్న మేనేజర్‌కి ఉత్తరం రాస్తే ఆఫీసులో ఏమనుకుంటారో మీకు తెలియనిది కాదు. మీరే సాఫ్ట్‌వేర్‌లో టీమ్‌లీడ్ అయివుంటే ఆ మెయిల్ చూసి నవ్వుకునేవారు. జవాబు రాకపోవడమే మంచిదైంది. ఇంకోటి రాయకండి. ప్రతి మ్యాచ్ తర్వాత ఫోన్ చేసి 'ఎన్ని నిమిషాలు ఆడించారు?' అని అడగడం కూడా ఆపండి. వాడు ఫోన్ ఎందుకు ఎత్తడం లేదో మీరు రాసిన ఉత్తరంలోనే కనబడుతోంది. చిన్నప్పటి నుంచి అకాడమీ ఫీజులు కట్టి, వారాంతాలన్నీ టోర్నమెంట్లకు కారు నడిపిన తండ్రికి ఆ లెక్క అడిగే హక్కు ఉందనిపిస్తుంది. ఉందేమో కూడా. కానీ ఇప్పుడు అడిగితే వాడికి వినబడేది 'మా డబ్బు ఏమైంది' అనే.

వాడు కోచ్ దగ్గరికి వెళ్లి 'నన్నెందుకు ఆడించడం లేదు' అంటే అది ఫిర్యాదు అవుతుంది. 'నన్ను ఏ పొజిషన్‌లో చూస్తున్నారు, ఈ సీజన్ అయ్యేలోపు నాలో ఏ రెండు విషయాలు మారాలి, మిమ్మల్ని నమ్మించడానికి ఏ వీడియో కలిసి చూద్దాం' అంటే కోచ్ తప్పించుకోలేడు. జవాబు స్పష్టంగా వస్తే అక్కడ అతని మీద ఆలోచన ఉన్నట్టు. రెండుసార్లు అడిగినా 'కష్టపడుతూ ఉండు' అనే మాటే వస్తే ఆలోచన లేనట్టు. అప్పుడు లోన్ గురించి టెక్నికల్ డైరెక్టర్‌తో మాట్లాడాలి. ఈ లోపల శిక్షణలో ముఖం మాడ్చుకుని తిరగకూడదు. మ్యాచ్‌లో దింపనివాణ్ని కోచ్‌లు చూసేది ప్రాక్టీసులోనే.

రైట్ బ్యాక్ ఆడమనడం మీకు అవమానంగా తోచినట్టుంది. ఎంఎల్ఎస్ క్లబ్ న్యూ ఇంగ్లండ్ రెవల్యూషన్ 2018 డ్రాఫ్ట్‌లో ఎనిమిదో పిక్‌గా (ఎంపికగా) తీసుకున్న బ్రాండన్ బై కాలేజీలో గోల్స్ కొట్టే ఆటగాడు. ప్రొఫెషనల్ జీవితం మొత్తం రైట్ బ్యాక్‌గానే కట్టుకున్నాడు. మరుసటి ఏడాది అదే క్లబ్ తొమ్మిదో పిక్‌గా తీసుకున్న వింగర్ టజాన్ బుకానన్ మొదటి సీజన్‌లో ఎక్కువగా బెంచ్ మీదే ఉన్నాడు. 2020 ప్లేఆఫ్స్‌లో రైట్ బ్యాక్‌గా ఆడమంటే ఆడాడు. ఆ తర్వాత బెల్జియంలో క్లబ్ బ్రూగ్, అక్కడి నుంచి ఇటలీలో ఇంటర్ మిలాన్. కోచ్ కొత్త చోట నిలబెట్టి చూస్తున్నాడంటే మీవాణ్ని జట్టులో ఎక్కడో ఇమడ్చాలని చూస్తున్నాడనే నేను అనుకుంటాను.

ఇప్పుడు యూరప్. దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే ఈ మధ్య ప్రతి ఫుట్‌బాల్ తండ్రీ ఇదే మాట ఎత్తుతున్నాడు. ఒకప్పుడు మన ఊళ్లలో 'అమెరికా పంపిస్తాం' అనే కన్సల్టెన్సీలు ఉన్నట్టే, ఇప్పుడు 'పోర్చుగల్ ట్రయల్, స్పెయిన్ ట్రయల్' ప్యాకేజీలు అమ్మేవాళ్లు ఉన్నారు. డబ్బు కడితే రెండు వారాల హాస్టల్, జెర్సీ, ఒకటి రెండు ఫ్రెండ్లీ మ్యాచ్‌లు. అవతలి జట్టులో ఉండేది కూడా డబ్బు కట్టి వచ్చిన పిల్లలే. మీవాణ్ని నిజంగా కావాలనుకునే క్లబ్ మీ దగ్గర ట్రయల్‌కి డబ్బు తీసుకోదు. ఆ ఏజెంట్‌కి ఫిఫా లైసెన్స్ ఉందా అని ముందు చూడండి. 2023 నుంచి ఏజెంట్లకు పరీక్ష, లైసెన్స్ తప్పనిసరి చేశారు, పేర్లు ఫిఫా సైట్‌లోనే వెతకొచ్చు. మరో సంగతి అతను మీకు చెప్పి ఉండడు: కాంట్రాక్టులో ఉన్న ఆటగాడు క్లబ్ అనుమతి లేకుండా ఇంకో క్లబ్ ట్రయల్‌కి వెళ్లకూడదు. కాంట్రాక్టు ముగియడానికి ఆరు నెలల ముందు నుంచే వేరే క్లబ్‌తో స్వేచ్ఛగా ఒప్పందం మాట్లాడుకునే వీలుంది. ఇంగ్లండ్ అయితే వర్క్ పర్మిట్‌కి పాయింట్ల లెక్క ఉంది. రెండో టీమ్ బెంచ్ మీద ఉన్నవాడికి ఆ పాయింట్లు వస్తాయని నేను అనుకోను.

ఇవన్నీ సర్దుకున్నా నాకు అనుమానం తీరదు. 2004 డ్రాఫ్ట్ చూడండి. మొదటి పిక్ ఫ్రెడీ అడు, వయసు 14. దేశమంతా అతని గురించే మాట్లాడింది. మరుసటి ఏడాది తనను ఎక్కువసేపు ఆడించడం లేదని బయట మాట్లాడితే అతని క్లబ్ డీసీ యునైటెడ్ ఒక మ్యాచ్‌కి పక్కన పెట్టింది. 2007లో, 18 ఏళ్లకే, బెన్‌ఫికా తీసుకుంది. పోర్చుగల్‌లో అంతకంటే పెద్ద పేరు ఏముంటుంది? అక్కడి నుంచి మొనాకో, బెలెనెన్సెస్, గ్రీస్‌లో ఆరిస్, టర్కీలో రీజెస్పోర్ అంటూ లోన్ల మీద తిరిగాడు. ఎక్కడా కుదురుగా ఒక జట్టులో నిలబడలేదు.

అదే డ్రాఫ్ట్‌లో ఎనిమిదో పిక్ క్లింట్ డెంప్సీ. మీ టెక్సస్‌వాడే, నకడోషెస్ అనే చిన్న ఊరు. ఆట కోసం డల్లాస్ దాకా అంత దూరం తీసుకెళ్లిన తల్లిదండ్రులు వాళ్లు కూడా. న్యూ ఇంగ్లండ్‌లో మూడు సీజన్లు వారం వారం ఆడాడు. 2007 జనవరిలో ఇంగ్లండ్ క్లబ్ ఫుల్‌హమ్ డబ్బిచ్చి కొనుక్కుంది. చివరికి అమెరికా జట్టుకి 57 గోల్స్ కొట్టాడు. ఇద్దరూ యూరప్ వెళ్లారు. ఒకతను పేరుతో వెళ్లాడు, ఇంకొకతను ఆడిన మ్యాచ్‌లతో వెళ్లాడు. మీవాడి చేతిలో ప్రస్తుతం రెండూ లేవు. ముందు మ్యాచ్‌లు సంపాదించుకోవాలి.

అందుకే నాలుగింటిలో నా మొగ్గు యూఎస్ఎల్ లోన్ వైపు. అది 'కిందికి' వెళ్లడమని మీకు అనిపించొచ్చు. నిజానికి యూఎస్ఎల్ ఛాంపియన్‌షిప్ రెండో డివిజన్, మీవాడు ఇప్పుడు ఆడుతున్నది మూడోది. అక్కడ ఎదురుగా ముప్ఫై దాటిన, ఇల్లు గడవడానికి ఆడే డిఫెండర్లు ఉంటారు. టికెట్ కొని వచ్చిన జనం ఉంటారు. ఓడితే ఊళ్లో మొహం చూపించలేని పరిస్థితి ఉంటుంది. కుర్రాడు గట్టిపడేది అలాంటి చోటే. గోల్‌కీపర్ మ్యాట్ టర్నర్‌ని 2016 డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. రెవల్యూషన్ ట్రయల్‌లో చూసి పెట్టుకుంది, రెండు సీజన్లు యూఎస్ఎల్‌లోని రిచ్‌మండ్ కిక్కర్స్‌కి లోన్ మీద పంపింది. 2021లో లీగ్ ఉత్తమ గోల్‌కీపర్, 2022లో ఇంగ్లండ్‌లో ఆర్సెనల్, అదే ఏడాది ప్రపంచ కప్‌లో అమెరికా ఆడిన నాలుగు మ్యాచ్‌ల్లోనూ గోల్ దగ్గర అతనే. క్రిస్ వోండలౌస్కీ కథ ఇంకా పొడుగు. 2005లో డ్రాఫ్ట్ అయ్యాక ఏళ్ల తరబడి ఎక్కువగా రిజర్వ్ మ్యాచ్‌లే. 27 ఏళ్లకు, 2010లో, 18 గోల్స్‌తో గోల్డెన్ బూట్ (సీజన్‌లో అత్యధిక గోల్స్‌కి ఇచ్చే బహుమతి). రిటైరయ్యే నాటికి 171 గోల్స్‌తో లీగ్ చరిత్రలోనే అగ్రస్థానం.

వీళ్లలాగే మీవాడూ అవుతాడని చెప్పడం లేదు. ఎక్కువమంది అవ్వరు. రెండో ఏడాదికల్లా ఆట అయిపోయినట్టు లెక్కకట్టడం తొందరపాటని మాత్రం చెబుతున్నాను.

ఎంఎస్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. అది ఎక్కడికీ పోదు. మిగిలిన రెండు కోర్సులు మాత్రం ఈ ఏడాదే పూర్తి చేయించండి, ఆన్‌లైన్‌లో వీలుంటే ఇంకా మంచిది. డిసెంబర్‌లో డ్రాఫ్ట్, జనవరిలో క్యాంపు కావడంతో చివరి సెమిస్టర్ ఇలా వదిలేసే పిల్లలు చాలామంది. ప్రాక్టీసు మధ్యాహ్నానికి ముగుస్తుంది, సాయంత్రాలు ఖాళీ. డిగ్రీ చేతికొస్తే మీ టెన్షన్ తగ్గుతుంది, వాడికి గదిలో కూర్చుని కుమిలిపోయే సమయం తగ్గుతుంది.

ఉత్తరంలో మీరు అడగలేదు కానీ ఇలాంటివాళ్లు తర్వాత అడిగేది 'ఇండియా వచ్చి ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఆడితే?' అని. అమెరికా పాస్‌పోర్టుతో వస్తే విదేశీ ఆటగాడి కిందే లెక్క, పరిమితంగా ఉండే ఆ స్థానాలకు అనుభవజ్ఞులతో పోటీ. పైగా 2022లో ట్రోఫీ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ మూడేళ్లు తిరిగేసరికి పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. ఆ లీగ్ కుదుటపడే దాకా ఆ మాట ఎత్తొద్దు.

ఇది చదివే మిగతా తల్లిదండ్రులకు ఒక సంగతి. మీ పిల్లలకు పౌరసత్వం గానీ గ్రీన్ కార్డు గానీ లేకపోతే ఎంఎల్ఎస్ జట్టులో అంతర్జాతీయ స్లాట్, అంటే విదేశీ ఆటగాళ్ల స్థానం, కింద లెక్కిస్తారు. ఆ స్లాట్లు కొన్నే కాబట్టి డ్రాఫ్ట్ నుంచి వచ్చిన కుర్రాడికి ఒకటి ఖర్చుపెట్టే క్లబ్‌లు తక్కువ. వీసా లాయర్‌ని కాలేజీ మూడో ఏడాదిలోనే కలవండి.

మళ్లీ ఫ్రిస్కో తండ్రిగారికి. సీజన్ అయిపోగానే వచ్చే ఏడాదికి ఉంచుకోవాలా వద్దా అన్న ఆప్షన్ మీద క్లబ్ నిర్ణయం తీసుకుంటుంది. లోన్ మాట అంతకంటే ముందే, ట్రాన్స్‌ఫర్ విండో (ఆటగాళ్లు క్లబ్ మారే గడువు) మూయకముందే జరగాలి. కాంట్రాక్టు కాగితంలో ఆప్షన్ తేదీ ఎప్పుడుందో మీవాణ్ని చూడమనండి. వద్దంటే బెంగపడకండి, యూఎస్ఎల్ క్లబ్‌లు అలా విడుదలైన ఆటగాళ్ల జాబితాలను చూస్తూనే ఉంటాయి. ఉంచుకుంటామంటే ఏ టీమ్‌కి, ఏ పొజిషన్‌కి అన్నది కనుక్కుని సంతకం పెట్టాలి. ఆ తర్వాత ఇంకా సందేహాలుంటే నాకు రాయండి. ఈసారి ఉత్తరం మీవాడినే రాయమనండి. తెలుగులో రాయడం రాకపోతే ఇంగ్లిష్‌లో రాసినా ఫర్వాలేదు.