సిట్టింగులు అయిపోయాకే అసలు కాపలా

చి. అమ్మలూ,

నాన్నకు మెదడులో కణితికి సోమవారం నుంచి రెడ్‌హిల్స్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో రేడియేషన్ అన్నావు. మొత్తం 60 గ్రే (రేడియేషన్ మోతాదుకు కొలత), రోజుకు ఒక సిట్టింగు, సిట్టింగుకు రెండు గ్రే చొప్పున 30 సిట్టింగులు. శని, ఆదివారాలు ఉండవు కనుక ఆరు వారాలు. ముందు ఒక నోట్‌బుక్ కొను. తేదీ, ఎన్నో సిట్టింగు, తలనొప్పి, వాంతి, నిద్ర, డెక్సా (డెక్సామెథసోన్, వాపు తగ్గించే స్టెరాయిడ్ మాత్ర) ఎన్ని మిల్లీగ్రాములు, అన్నీ రోజూ రాయి. ఏం వచ్చిందన్నదానికన్నా ఎప్పుడు వచ్చిందన్నదే డాక్టరుకు ఎక్కువ పనికొస్తుంది.

మధ్యలో వచ్చే తలనొప్పి, వాంతులు చాలావరకు మెదడు వాపువల్లే. డెక్సామెథసోన్ అందుకే. పొద్దున టిఫిన్ తిన్నాకే వెయ్యి. రెండో డోసు ఉంటే మధ్యాహ్నం రెండులోపు వెయ్యొచ్చేమో అడుగు. రాత్రి వేస్తే నిద్ర పట్టదు. షుగర్ పరగడుపున మామూలుగా కనబడి సాయంత్రానికి ఎక్కుతుంది, రాత్రి భోజనానికి ముందు కూడా చూడు. బాగుంది కదా అని మాత్ర ఉన్నపళంగా ఆపకు. ఒంట్లో తయారవ్వాల్సిన కార్టిసాల్ అనే హార్మోన్ అప్పటికి మందగించి ఉంటుంది, ఒక్కసారి ఆపితే మనిషి కుప్పకూలొచ్చు. ఎంత తగ్గించాలో డాక్టరే చెప్పాలి.

ఫిట్స్ వస్తే చేతిలో తాళాలగుత్తి పెట్టమనేవాళ్లు చుట్టూ చేరతారు. విననక్కర్లేదు. పక్కకు తిప్పి పడుకోబెట్టు, నోట్లో ఏమీ పెట్టకు, గడియారం చూడు. ఐదు నిమిషాలు దాటితే 108.

ఆఖరి సిట్టింగు రోజు స్వీట్లు పంచి అందరూ నిశ్చింతగా ఉంటారు. నెల, నెలన్నరకు నాన్న పొద్దస్తమానం మగతగా పడుకోవచ్చు. సాధారణంగా కొన్ని వారాల్లో పోతుంది. పిలిచినా లేవకపోతే, మాట తడబడినా, చెయ్యో కాలో పట్టు తప్పినా అదే రోజు చూపించు.

రేడియేషన్ అయ్యాక మొదటి మూడు నెలల్లోపు ఎమ్మారైలో మచ్చ పెద్దదైందంటే గుండె జారిపోకు. టెమోజోలమైడ్ (కీమో మాత్ర) కూడా వాడినవాళ్లలో అది కణితి పెరగడం కాక, రేడియేషన్ రేపిన వాపే కావచ్చు. పర్ఫ్యూజన్ స్కాన్ (ఆ మచ్చలో రక్తప్రసరణ ఎంతో చూపే స్కాన్) అవసరమా అని అడుగు. పాత స్కాన్‌ల సీడీలన్నీ తీసుకెళ్లు, రిపోర్టు కాగితం ఒక్కటీ చాలదు.

ఆర్నెల్లు దాటాక మెదడు కణజాలం చచ్చిపోవడం, మతిమరుపు, హార్మోన్లు తగ్గడం రావచ్చు. పేర్లు గుర్తుంటాయి, మాత్ర వేసుకున్నదీ లేనిదీ గుర్తుండదు. వయసు అనుకుని వదిలెయ్యకు. వారం డబ్బాలో మాత్రలు సర్దు, థైరాయిడ్, కార్టిసాల్ పరీక్షలు ఎప్పుడెప్పుడో కనుక్కో.

ఫిట్స్ భయం ఉంది కనుక బండి తాళాలు మటుకు నీ దగ్గరే ఉంచు. అలుగుతాడు, అలగనీ.

మీ పెద్దమ్మ