రోత్కో ప్రింటు హాల్లో పెట్టొచ్చా? నేను ఒకసారి చెడగొట్టుకున్నాక చెబుతున్నా

"హాల్లో మార్క్ రోత్కో ప్రింటు పెట్టాలనుంది, ఇంట్లో వాళ్ళేమో రెండు రంగుల ముక్కలకి డబ్బు తగలేస్తావా అంటున్నారు, అసలు బొమ్మలోని ఫీల్ ప్రింటులో వస్తుందా, ఎంత సైజు తీసుకోవాలి, అద్దం పెట్టించాలా" అని అడిగారు కదా. తెలియని వాళ్ళ కోసం, రోత్కో అంటే పెద్ద పెద్ద రంగుల పట్టీలతోనే బొమ్మలు వేసిన అమెరికన్ చిత్రకారుడు.

ఫీల్ సంగతి ముందే చెప్పేస్తా, రాదు. అమెరికాలో ఫ్రీమాంట్‌లో ఉన్న రోజుల్లో శాన్‌ఫ్రాన్సిస్కో మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌కి వెళ్ళి రోత్కో వేసిన 'నంబర్ 14, 1960' అనే బొమ్మ చూశాను. పైన పెద్ద నారింజ ఎరుపు, కింద చిన్నగా ముదురు నీలం, చుట్టూ నల్లబడిన మెరూన్, అంతే బొమ్మ. కానీ ఎత్తు 290 సెంటీమీటర్లు, వెడల్పు 268, అంటే మన ఫ్లాట్లలో నిలబెడితే దాదాపు సీలింగ్‌కి తగులుతుంది. దగ్గరికెళ్ళి నిలబడితే కంటి కొసల దాకా ఎరుపే. రంగుని పల్చగా పొర మీద పొర వేసుకుంటూ పోయాడు కాబట్టి లోపల ఎక్కడో దీపం ఉన్నట్టు అనిపిస్తుంది. కాగితం మీద ఇంకుతో అచ్చేసిన పోస్టర్‌కి అది ఎక్కడినుంచి వస్తుంది? అయినా ఆ పోస్టర్ ఎందుకు కొన్నానంటే, ఆ గదిలో బెంచీ మీద కూర్చున్న ఇరవై నిమిషాలు మర్చిపోకూడదని. మీరు కూడా అలాంటి కారణంతోనే కొంటుంటే కొనండి, సోఫాకి మ్యాచింగ్ కోసమైతే మంచి పరదాలు కొనుక్కోవడం మేలు.

ఇక నేను చేసిన పొరపాటు. మూడడుగుల పోస్టర్‌ని గొట్టంలో చుట్టి హైదరాబాద్ తెచ్చి, పటాలు కట్టే షాపులో ఇచ్చి, మామూలు మెరిసే అద్దం, బంగారు రంగు ఫ్రేము వేయించాను. సోఫా పైన, సరిగ్గా బాల్కనీకి ఎదురుగా కొట్టించాను. పగలంతా అందులో బాల్కనీ గ్రిల్లు, ఆరేసిన తువ్వాళ్ళు, రాత్రయితే ట్యూబ్‌లైట్ గీత. కింద నీలం భాగం ముదురు కదా, అచ్చం అద్దంలాగే పనిచేసేది, మా ఆవిడ ఆఫీసుకి వెళ్ళేముందు అందులోనే జుట్టు సరిచూసుకునేది!

తర్వాత ఒకచోట చదివాను, 1961లో లండన్ వైట్‌చాపెల్ గ్యాలరీలో ప్రదర్శన పెట్టినప్పుడు రోత్కో తన బొమ్మలు ఎలా తగిలించాలో సూచనలు ఇచ్చాడట. వెలుతురు మరీ ఎక్కువ ఉండకూడదు, పెద్ద బొమ్మలు నేలకి ఆరు అంగుళాలకి మించని ఎత్తులో ఉండాలి, గోడ తళతళలాడే తెలుపు కాకుండా కొంచెం ఎరుపు, మట్టిరంగు కలిసిన తెలుపు కావాలి. మరీ తెల్లటి గోడ మీద ఎరుపు ఎక్కువున్న తన బొమ్మలు ఆకుపచ్చ ఛాయలో కనిపిస్తాయని ఆయన బాధ. నేను చేసిందంతా దీనికి రివర్సు.

సరే, అద్దం పీకేసి, తెల్ల మార్జిన్ కత్తిరించేసి, మెరుపు లేని లామినేషన్ చేయించి, ఫ్రేము లేకుండా బోర్డుకి అతికించాను. కలెక్టర్లు వింటే తిడతారేమో కానీ అది పోస్టరే కదా, దుమ్ము తుడుచుకోవాలి. ఆరు అంగుళాలు మాత్రం మా ఇంట్లో కుదరదు, రోజూ తడిగుడ్డ పెడతారు, పైగా మా చిన్నోడి చేతిలో ఎప్పుడూ క్రేయాన్లు. దివాన్ మీద కూర్చుంటే కంటికి ఎదురుగా వచ్చే ఎత్తులో పెట్టాను, బాల్కనీ పక్క గోడకి మార్చి, ట్యూబ్‌లైట్ ఆపేసి మూలన ఒక పసుపు బల్బు వేస్తే చాలా తేడా వచ్చింది.

రెండడుగుల కన్నా చిన్నదైతే వద్దు, పెయింట్ కంపెనీ షేడ్ కార్డులా ఉంటుంది. పెద్దది చవగ్గా వస్తుందని నెట్‌లోంచి ఫోటో దించుకుని ప్రింట్ కొట్టించకండి. మా ఫ్రెండ్ చేయించాడు, నారింజ కాస్తా ఇటుకపొడి, నీలం నలుపు. ఫోన్ స్క్రీన్ మీద వెలిగే నారింజ మామూలు నాలుగు ఇంకుల ప్రింటింగ్‌లో అంత గాఢంగా రాదు. దానికి తోడు రోత్కో పోయింది 1970లో, మన చట్టంలో చిత్రకారుడు పోయాక 60 ఏళ్ళ దాకా కాపీరైట్ ఉంటుంది.

ఎండ పడే గోడ అసలే వద్దు. హార్వర్డ్‌లో భోజనాల హాలు కోసం ఆయన వేసిన పెద్ద బొమ్మల్లో ఎరుపు, కిటికీల ఎండకి వెలిసిపోయింది, 1979కల్లా తీసేయాల్సొచ్చింది. 2014లో వాటి మీద ప్రొజెక్టర్‌తో రంగుల కాంతి వేసి పాత రంగులు కనబడేలా చేశారు. అసలు బొమ్మల గతే అదైతే మన పోస్టర్ ఎంత?

ఇంట్లో వాళ్ళ మాటంటారా, మా అమ్మ మొదటిరోజే "పెయింటర్లు గోడ మీద శాంపిల్ పూసి పోయినట్టుంది" అంది. నేనేమీ వాదించలేదు. నెల తర్వాత ఒక సాయంత్రం టీ తాగుతూ, ఈ రంగుల అంచులు పోచంపల్లి చీరలో లాగా ఉన్నాయే అంది. నిజమే, పోచంపల్లి చీరల్లో ఉండే ఇకత్ పద్ధతిలో నేతకి ముందే నూలుకి ముడులు కట్టి రంగేస్తారు కాబట్టి అంచు గీత గీసినట్టు ఉండదు, ఒక రంగు ఇంకోదానిలోకి కొంచెం జారుతుంది. రోత్కో అంచులూ అంతే. నేను మ్యూజియంలో అంతసేపు కూర్చుని కూడా ఆ పోలిక పట్టలేకపోయాను.

మీ గోడ ఎంత వెడల్పు, కిటికీ ఎటువైపు ఉందో రాయండి, సైజు గురించి ఇంకా ఏమైనా తోస్తే చెబుతా.