ఎవరు కొలిచారో ముందు రాయమ్మా

తిరుపతి

అమ్మాయికి ఆశీస్సులు.

‘ఏఐ వాతావరణ శాఖను ఓడించిందా?’ అన్న నీ వ్యాసం అందింది. భాష బాగుంది, ఎక్కడా తడబడలేదు. ఆ మాట ఇక్కడితో వదిలేస్తాను, ఎందుకంటే మూడో పేజీకి వచ్చేసరికి నాకు కోపం వచ్చింది.

“శాస్త్రవేత్తలు చెబుతున్నారు” అని ఒకచోట, “నిపుణుల అభిప్రాయం ప్రకారం” అని ఇంకోచోట, “కొందరు ఒప్పుకోవడం లేదు” అని మరోచోట రాశావు. ఎవరమ్మా ఆ కొందరు? ఏం కొలిచారు? దేనితో కొలిచారు? ఆ కొలతను ఇంకెవరైనా మళ్ళీ సరిచూశారా? వ్యాసం మొత్తంలో ఒక్క పరికరం పేరు లేదు, ఒక్క సంవత్సరం లేదు. రెండు పక్షాలను నిలబెట్టి, నాలుగు పేజీలు వాదింపజేసి, చివర “కాలమే నిర్ణయించాలి” అని వదిలేశావు. కాలం దేన్నీ నిర్ణయించదు. ఎవరో ఒకరు వెళ్ళి కొలవాలి, అప్పుడే తేలుతుంది.

తెలుగులో సైన్స్ వ్యాసం అంటే ‘వరమా? శాపమా?’ అని రాయడం చాలాకాలంగా అలవాటైపోయింది. కంప్యూటర్ వచ్చినప్పుడు అదే శీర్షిక, సెల్‌ఫోన్ వచ్చినప్పుడు అదే, ఇప్పుడు ఏఐకీ అదే. స్కూల్లో వ్యాసరచన పోటీలకు నేర్పిన ఆ పద్ధతిని పత్రికలు పెంచి పోషించాయి. ఆ వస్తువు ఎలా పనిచేస్తుందో ఒక్క పేరా కూడా రాయకుండానే అది మంచిదో చెడ్డదో తేల్చేయవచ్చని మూడు తరాల పిల్లలకు నమ్మకం కలిగించాయి. నువ్వు ఆ దారిలో పోవడం నాకు ఇష్టం లేదు.

నువ్వు ఆధారం చేసుకున్న వార్త వెనక ఉన్నది 2023 నవంబర్‌లో ‘సైన్స్’ పత్రికలో గూగుల్ డీప్‌మైండ్ వాళ్ళు వేసిన పరిశోధన పత్రం. వాళ్ళ ఏఐ ప్రోగ్రామ్ పేరు గ్రాఫ్‌కాస్ట్. పది రోజుల వాతావరణాన్ని నిమిషంలోపే లెక్కకట్టి ఇస్తుంది. 1380 అంశాల్లో పోల్చి చూస్తే 90 శాతానికి పైగా అంశాల్లో అదే మెరుగ్గా వచ్చింది. చాలా పెద్ద విషయం, నేను కాదనను. కానీ పోల్చింది దేనితో? యూరప్ దేశాలు కలిసి నడుపుకునే వాతావరణ కేంద్రం వాళ్ళ మోడల్‌తో, అంటే వాతావరణాన్ని కంప్యూటర్‌లో లెక్కకట్టే వాళ్ళ పద్ధతితో. 1875 నుంచి ఉన్న మన వాతావరణ శాఖ ఆ పోటీలోనే లేదు. మరి శాఖ ఓడిందని ఎలా రాశావు? పైగా పోల్చినవి వేర్వేరు ఎత్తుల్లో గాలి, ఉష్ణోగ్రత, పీడనం, తేమ లాంటివి. వానను ఆ ప్రధాన పోలికలో పెట్టనేలేదు. నీ వ్యాసం మాత్రం మొదటి నుంచి చివరిదాకా వాన గురించే.

ఇంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. గ్రాఫ్‌కాస్ట్ నేర్చుకున్నది 1979 నుంచి దాదాపు నలభై ఏళ్ళ వాతావరణ రికార్డు మీద. ఆ రికార్డును తయారుచేసింది అదే యూరప్ కేంద్రం. బెలూన్లు, ఉపగ్రహాలు, ఓడలు, విమానాలు పంపిన కొలతలను భౌతికశాస్త్ర సూత్రాలతో నడిచే మోడల్‌లో కలిపి, గడిచిన కాలంలో ఆకాశం ఎలా ఉండిందో గంట గంటకూ తిరిగి లెక్కకట్టారు. రేపటి అంచనా మొదలుపెట్టాలన్నా ఈరోజు కొలతలు కావాల్సిందే. చెన్నైలో పొద్దున ఐదున్నర లెక్కకు, సాయంత్రం ఐదున్నర లెక్కకు బెలూన్ వదిలే ఉద్యోగి మానేస్తే ఏఐకీ చూపు తగ్గుతుంది. ఇది తెలిసి ఉంటే నీ వ్యాసంలో పోట్లాట ఆగిపోయి అసలు సంగతి మొదలయ్యేది.

మనకు పక్కనే గాదంకి ఉంది. తిరుపతి నుంచి చిత్తూరు దారిలో వెళ్ళాలి. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో ఎంఎస్‌టీ రాడార్ ఉంది, పై ఎత్తుల్లోని గాలిని కొలిచే రాడార్ అది. దాని గురించి రాయాలని నేను తిరిగిన రోజుల్లో నాకు ఉద్యోగం లేదు, ట్యూషన్లు చెప్పిన డబ్బుతో బస్సు చార్జీలు పెట్టుకునేవాణ్ణి. అనుమతి కాగితం లేక గేటు బయటే కూర్చునేవాణ్ణి. ఒకరోజు భోజనాల వేళ ఒక ఇంజినీరు బయటికొచ్చి, చింతచెట్టు కింద మట్టిలో పుల్లతో గీసి చెప్పారు. 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న నేలలో 1024 యాంటెనాలు. చూడ్డానికి ఒకప్పుడు మన మిద్దెల మీద దూరదర్శన్ కోసం పెట్టుకున్న యాంటెనాల్లాంటివే. 53 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలను పైకి పంపుతాయి. పైన గాలి సుడులు తిరిగేచోట ఆ తరంగంలో రవ్వంత చెదిరి వెనక్కి వస్తుంది. అలా వచ్చిన దాని పౌనఃపున్యం ఎంత మారిందో చూసి, 20 కిలోమీటర్ల ఎత్తులో కూడా గాలి ఎటు పోతోందో, ఎంత వేగంతో పోతోందో చెబుతారు. కంటికి కనపడని గాలిని నేలమీద నిలబడి కొలుస్తున్నారని ఆ మధ్యాహ్నం నాకు మొదటిసారి అర్థమైంది.

ఆ వ్యాసాన్ని పంపితే సంపాదకుడు అంకెలన్నీ కొట్టేశాడు. “మన పాఠకులకు లెక్కలు ఎక్కవు” అన్నాడు. ఇంజినీరు చెప్పిన వివరణ మొత్తం పోయింది. ‘ఆకాశంతో మాట్లాడే యంత్రం’ అని శీర్షిక పెట్టి అచ్చువేశాడు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నూటికి రెండు రూపాయల వడ్డీని నోటితో కట్టే మనుషులకు, మండీలో తరుగు ఎంత తీశారో నిద్రలో లేపి అడిగినా చెప్పే మనుషులకు లెక్కలు ఎక్కవా?

2011 సెప్టెంబర్‌లో ఇంకో సంపాదకుడు ఫోన్ చేశాడు. జెనీవా దగ్గరి సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రం నుంచి ఇటలీలోని గ్రాన్ సాసో ప్రయోగశాలకు న్యూట్రినోలు అనే అతి చిన్న కణాలు కాంతికంటే 60 నానోసెకన్లు ముందే చేరాయని వార్త వచ్చిన వారం అది. రెండు చోట్ల మధ్య దూరం 730 కిలోమీటర్లు. కాంతికంటే వేగంగా ఏదీ పోలేదన్నది ఐన్‌స్టీన్ మాట కాబట్టి, రాత్రికల్లా ‘ఐన్‌స్టీన్ ఓటమి’ అని రాసివ్వమన్నాడు. కొలిచిన ఒపేరా బృందమే, మా లెక్కలో తప్పుందేమో మీరూ చూడండి అని ప్రపంచాన్ని అడుగుతోంది, ఆ మాటే మొదట రాస్తాను అన్నాను. నా వ్యాసం వేయలేదు, వేరేవాళ్ళతో రాయించుకున్నాడు. మరుసటి ఏడాది తేలింది, జీపీఎస్ సమయాన్ని తెచ్చే ఫైబర్ కేబుల్ ఒకటి సరిగ్గా బిగించలేదని. అదే ప్రయోగశాలలో ఐకారస్ అనే మరో బృందం కొలిస్తే కాంతిని మించిన వేగం కనిపించలేదు. ఆ పత్రికలో సవరణ రాలేదు. ఆ తర్వాత వాళ్ళకు నేను ఒక్క అక్షరం కూడా రాసివ్వలేదు.

ఇంత కోపంలోనూ నీకు ఈ ఉత్తరం రాయడానికి కారణం నీ రెండో పేజీలోని ఐదు వాక్యాలు. జూన్‌లో తోతాపురి కోతకు ముందు రాత్రి మీ నాయన ఫోన్‌లో మూడు యాప్‌లు చూశారు. ఒకటి ఎండ అంది, ఒకటి 40 శాతం వాన అంది, ఒకటి ఉరుములు చూపించింది. కూలీలకు కబురు చేయాలా వద్దా అని తేల్చుకోలేక ఫోన్ పట్టుకుని మంచం మీద అలాగే కూర్చుండిపోయారు. అది చదివి నేను కాసేపు ముందుకు పోలేకపోయాను. నువ్వు మాత్రం వెంటనే “ఈ నేపథ్యంలో ఏఐ ప్రాముఖ్యతను పరిశీలిస్తే” అని వేరే దారి పట్టావు. ఆ మంచం దగ్గరే ఉండాల్సింది.

ఆ మూడు యాప్‌లు మూడు మాటలు ఎందుకు చెప్పాయో రాయి. ఒక్కో యాప్ వెనక ఒక్కో మోడల్ ఉండొచ్చు. ప్రతి మోడల్ భూమిని గళ్ళు గళ్ళుగా విడగొట్టి లెక్క కడుతుంది. గ్రాఫ్‌కాస్ట్‌లో ఒక గడి సుమారు 28 కిలోమీటర్లు. 2025 మేలో మన దేశం మొదలుపెట్టిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో 6 కిలోమీటర్లు, అంతకుముందు 12. మన వైపు సాయంత్రం పూట కమ్మే ఉరుముల మేఘం కొన్ని కిలోమీటర్ల వెడల్పే ఉంటుంది, గంటా గంటన్నరలో కురిసి పోతుంది. పాకాలలో కాలువలు పారుతుంటే దామలచెరువులో దుమ్ము లేస్తుంది. పెద్ద గడికి ఆ మేఘం విడిగా కనపడదు. 40 శాతం అంటే కూడా రాయి. అలాంటి పరిస్థితి పది రోజులు వస్తే అందులో నాలుగు రోజులు వాన పడుతుందని అర్థం. ఆరోజు వాన పడలేదని యాప్‌ను తిట్టడం, పడిందని పొగడడం రెండూ తొందరపాటే.

అందుకే నీకొక పని చెబుతాను. నిలువు గోడలున్న ఒక డబ్బా, ఒక స్కేలు తీసుకుని తోటలో చెట్ల నీడ పడనిచోట పెట్టు. రోజూ రాత్రి మూడు యాప్‌లు ఏం చెప్పాయో నోట్‌బుక్‌లో రాసుకో. మరుసటి రోజు డబ్బాలో ఎన్ని మిల్లీమీటర్లు పడిందో దాని ఎదురుగా రాయి. సీజన్ మొత్తం రాయి. ఏ యాప్ మాట ఎన్నిసార్లు నిలబడిందో అప్పుడు నీ తోట వరకు నువ్వే చెప్పగలవు. ఇంతవరకు ఈ విషయం మీద తెలుగులో నేను చదివిన ఏ వ్యాసంలోనూ ఆ పట్టిక లేదు.

రాయడానికి ఏఐ సాయం తీసుకోవచ్చా అని అడిగావు. వాక్యాల సంగతి నీ ఇష్టం. పరిశోధన పత్రంలో ఏముందో మాత్రం దాన్ని అడిగి రాయకు, పత్రమే తెరువు. గ్రాఫ్‌కాస్ట్ పత్రం ఆర్కైవ్ (arXiv) అనే పరిశోధన పత్రాల వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంది. ఇంగ్లీషు కష్టమనిపిస్తే మెల్లగా చదువు. ఎస్వీ యూనివర్సిటీ లైబ్రరీలో డిక్షనరీ పక్కన పెట్టుకుని, ఒక్క పేజీకి పూటంతా పట్టినా వదలకుండా నేను అలాగే చదివాను.

కలం పేరు, ఏ పత్రికకు పంపాలి, పారితోషికం ఎంత, ఇవన్నీ తర్వాత చూద్దాం. ముందు వ్యాసం తిరగరాయి. గాదంకికి వెళ్ళాలనుకుంటే ముందుగా అనుమతి కోరుతూ ఉత్తరం రాసుకో, గేటు దగ్గరికి వెళ్ళి అడిగితే లాభం లేదు.

వచ్చే నెలాఖరున నాకు కంటి ఆపరేషన్ ఉంది. మొదటి రెండు పేజీలైనా ఆలోపు పంపు. ఈసారి అక్షరాలు కొంచెం పెద్దవి పెట్టి ప్రింట్ తీయించు.

శుభాకాంక్షలతో,
నీ పెదనాన్న వంటివాణ్ణి