నలిగిపోతున్నది మీరు కాదు

“మాది హనుమకొండ. సద్దుల బతుకమ్మ నాడు పరకాల దగ్గర మా సొంతూళ్లో నువ్వుల సద్ది తిన్న కాసేపటికే మా నాలుగేళ్ల బాబుకు ఒళ్లంతా దద్దుర్లు వచ్చి, పెదవులు ఉబ్బి, ఊపిరి అందలేదు. పరీక్షలు చేసి నువ్వుల ఎలర్జీ అన్నారు. అమ్మ నమ్మడం లేదు. ‘మా ఇంటా వంటా లేదు, కొంచెం కొంచెం పెడితే అదే అలవాటవుతుంది’ అంటోంది. దీపావళికి వచ్చినప్పుడు అరిసె ముక్క పెట్టబోతే నా భార్య లాక్కుంది. ఇప్పుడు సంక్రాంతికి ఊరికి రానంటోంది. ఇద్దరి మధ్య నలిగిపోతున్నాను. నా భార్యను ఎలా ఒప్పించాలి?”

ఒప్పించకండి. ఆమె రాననడం సబబే. మీ ప్రశ్న అక్కడితో అయిపోయింది.

అమ్మ ఏమన్నదో రాశారు, భార్య ఏం చేసిందో రాశారు. మీరు అమ్మతో ఏమన్నారో మాత్రం ఉత్తరంలో ఒక్క వాక్యం లేదు. అరిసె ముక్క పిల్లవాడి నోటి దాకా వెళ్లినప్పుడు మీరెక్కడున్నారు? కోడలు అత్తగారి చేతిలోది లాక్కోవలసి వచ్చిందంటే కొడుకు చెప్పవలసిన మాట చెప్పలేదన్నమాట. ఇప్పుడు చుట్టాల్లో గయ్యాళి పేరు ఆమెకు, మంచి కొడుకు పేరు మీకు.

మీ అమ్మగారిది వట్టి మొండితనమని నేననుకోను. తన చేతి ముద్ద తిని మనవడు ఆస్పత్రి పాలయ్యాడంటే ఏ నాయనమ్మకైనా ఒప్పుకోబుద్ధి కాదు. ఒప్పుకుంటే నింద తన మీదికే వస్తుందని భయం. “అమ్మా, ఇందులో నీ తప్పేమీ లేదు, మాకూ తెలియదు. ఇక మీదట మాత్రం ఒక్క గింజ కూడా వద్దు” అని మీరు పక్కన కూర్చుని చెప్పాలి. ఇదే మాట కోడలు చెబితే పెత్తనంలా వినిపిస్తుంది. తల్లికి ఎదురు చెప్పకపోవడమే గౌరవమని మీరు అనుకుంటున్నట్లుంది. భార్యను ముందుకు తోసి తాను పక్కకు తప్పుకోవడాన్ని నేను పిరికితనమే అంటాను.

చెప్పేటప్పుడు సగం సగం చెప్పకండి. అతి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి శరీరానికి అలవాటు చేసే చికిత్స కొన్ని ఎలర్జీలకు ఉన్నమాట నిజమే. అది నిపుణులు తమ కళ్ల ముందు, ప్రాణాధారమైన మందులు సిద్ధంగా పెట్టుకుని చేసేది. పండుగ పూట వంటింట్లో చేసి చూసేది కాదు. ఎలర్జీకి మామూలుగా వాడే సెటిరిజిన్ సిరప్ దురద తగ్గిస్తుంది గానీ మూసుకుపోతున్న గొంతును తెరవదు. ఊపిరికి ఇబ్బందైతే తొడ బయటి వైపు కండలో ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షనే మందు. వెంటనే 108కు ఫోన్ చేయాలి. తగ్గినట్లే తగ్గి కొన్ని గంటలకు మళ్లీ తిరగబెట్టవచ్చు కనుక డాక్టర్లు చెప్పేదాకా ఆస్పత్రిలోనే ఉంచాలి. ఆ ఇంజెక్షన్ మీ దగ్గర ఉంచుకోవాలా, ఎవరు ఎలా ఇవ్వాలి అన్నది డాక్టరుతో కాగితం మీద రాయించుకోండి. అమ్మకు చదివి వినిపించండి. బడిలో టీచరుకూ ఒక ప్రతి ఇవ్వండి.

ఇంటా వంటా సంగతంటారా, ఎలర్జీ గుణం తల్లి వైపు నుంచి రావచ్చు, తండ్రి వైపు నుంచి రావచ్చు, ఇంట్లో ఎవరికీ లేకుండానూ రావచ్చు. ఆ లెక్కలు తీయడం మాన్పించండి.

ఇక పండుగ. మన వైపు సంక్రాంతికి సకినాలు తప్పవు, సకినాల్లో నువ్వులూ తప్పవు. పిండి కలిపిన చేతులకు, చుట్టి ఆరబెట్టిన బట్టకు, వేయించిన నూనెకు, అన్నిటికీ నువ్వులు అంటుకునే ఉంటాయి. “వాడికి నాలుగు విడిగా చేసి పెడతాలే” అంటే చాలదు. సర్వపిండి, నువ్వుల పొడి కలిపిన పులిహోర, గానుగ నువ్వుల నూనెతో పెట్టిన పచ్చడి కూడా అంతే. ఈ ఏడాది ఆ ఇంటికి నువ్వులే తేకుండా, సకినాలు వాముతోనే చుట్టమని అమ్మను అడగండి. ఒప్పుకుంటే అందరూ వెళ్లండి. ఒప్పుకోకపోతే మీరొక్కరే వెళ్లి రండి. ఎందుకు ఒక్కడివే వచ్చావని అమ్మ అడిగితే, “ఆమె రానంది” అనకండి. “నేనే వద్దన్నాను” అనండి.