పింఛను ఇస్తే సోషలిజమా? ఓ కుర్ర రచయితకు జాబు

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. 'పేదవాడికి ప్రభుత్వం పింఛను ఇచ్చిందంటే ఆ దేశం సోషలిజంలో అడుగుపెట్టినట్టే' అన్నావు చూడు, అక్కడ ఒళ్లు మండింది. వచనం చదివిస్తుంది, ఆ సంగతి అలా ఉంచు.

కార్మికులకు దేశమంతటా ఆరోగ్య బీమా మొదట తెచ్చిందెవరు? జర్మనీని ఏలిన ఛాన్సలర్ బిస్మార్క్. 1883లో ఆరోగ్య బీమా, 1884లో ప్రమాద బీమా, 1889లో వృద్ధాప్య పింఛను. అదే మనిషి 1878లో సోషలిస్టుల సభల్నీ పత్రికల్నీ నిషేధించే చట్టం తెచ్చాడు, అది 1890 దాకా నడిచింది. కార్మికులు సోషలిస్టుల వెంట పోకూడదనే ఆ బీమాలూ పింఛనూ. నీ లెక్కన బిస్మార్క్‌ని కూడా సోషలిస్టుల్లో కలపాలి, ఆయన లేచొచ్చి నిన్ను కొట్టినా ఆశ్చర్యం లేదు.

ఏది సోషలిజమో తేల్చడానికి నేనెప్పుడూ అడిగేది ఒకటే. ఫ్యాక్టరీ ఎవరిది? గనులు, బ్యాంకులు ఎవరి చేతిలో ఉన్నాయి, లాభం ఎటు పోవాలో ఎవరు తేలుస్తారు? పంపకాల చుట్టూ ఇంత హడావుడి ఎందుకని మార్క్సే 1875లో జర్మన్ సోషలిస్టు పార్టీ కార్యక్రమం ముసాయిదా మీద చిరాకుపడ్డాడు. అటుపక్క మార్కెట్టే సర్వస్వమనే అమెరికన్ ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్, పేదలకు నేరుగా డబ్బులివ్వమని 1962లో రాశాడు.

నువ్వు స్వీడన్ని ఉదాహరణగా తెచ్చావు కానీ సగంలోనే వదిలేశావు. 1913 నుంచీ పింఛను చట్టం ఉన్న దేశం అది, యజమానులు దానితో సర్దుకుపోయారు. 1970ల్లో రుడాల్ఫ్ మైడ్నర్ అనే యూనియన్ ఆర్థికవేత్త, కంపెనీల లాభాల్లో కొంత షేర్లుగా మార్చి కార్మికుల నిధులకు ఇవ్వాలన్నాడు. అప్పుడు చూడాలి! ఆ ఆలోచననే బాగా నీరుగార్చిన చట్టం వస్తుంటేనే, దాన్ని వద్దంటూ 1983లో స్టాక్‌హోమ్ వీధుల్లో వేలమంది ఊరేగారు, ముందు వరసలో వ్యాపారులే. 1991లో ప్రభుత్వం మారాక ఆ నిధుల్ని ఎత్తేశారు. పింఛన్లు మాత్రం ఉన్నాయి. సంక్షేమానికీ సోషలిజానికీ మధ్య గీత ఎక్కడుందో ఇంతకంటే తేటగా నీకెవరు చూపిస్తారు?

చాలా ఏళ్ల కిందట, ఉద్యోగం నుంచి వచ్చి రాత్రిళ్లు కూర్చుని ఇదే విషయం మీద నేనో వ్యాసం రాశాను. ఎడిటరుగారు యాజమాన్యం గురించిన భాగమంతా 'పాఠకులకు బరువెక్కువ' అని కోసేసి, మిగిలిన ముక్కకి 'ఉచితాలా, సోషలిజమా?' అని హెడ్డింగు తగిలించారు. ఉత్తరాలు వచ్చాయి, అన్నీ నేను అనని మాటమీదే. ఇప్పుడు ఇంకా ఘోరం, ఇవ్వాలనేవాడూ వద్దనేవాడూ ఇద్దరూ దాన్ని సోషలిజమనే అంటున్నారు, ఒకడు మురిసిపోతూ, ఒకడు తిడుతూ. నువ్వూ ఆ గుంపులో కలవాలా?

నీ వాదనకి నిజంగా బలమిచ్చేది ఒకటుంది, దాన్ని నువ్వు ముట్టుకోనే లేదు. బ్రిటన్‌లో సంక్షేమ పథకాలకు దారి చూపిన 1942 నివేదిక రాసిన బెవరిడ్జ్ లిబరల్, సోషలిస్టు కాదు. కానీ 1948లో లేబర్ ప్రభుత్వం జాతీయ ఆరోగ్య సేవ మొదలుపెట్టినప్పుడు ఆసుపత్రుల్లో ఎక్కువ భాగాన్ని ప్రభుత్వ సొత్తు చేసేసింది. బిల్లు కట్టి ఊరుకోలేదు, ఆసుపత్రినే తీసుకుంది. సంక్షేమం సోషలిజాన్ని తాకేది ఇలాంటి చోటే, వ్యాసం అక్కడినుంచి మొదలుపెట్టు.

పారితోషికం గురించీ పుస్తకం గురించీ అడిగినవి ఇంకోసారి చూద్దాం. తిరగరాశాక నాకు పంపు. హెడ్డింగు మాత్రం నువ్వే పెట్టు, వాళ్లకి వదలకు.