ఉగాండా ప్రయాణం: ముందు కాగితాల సంగతి

హనుమకొండ

బిడ్డా,

ఉగాండా పల్లెల్లో నీళ్ల పని చేయడానికి పోతున్నావని మీ నాయన చెప్పాడు. చాలా సంతోషం. పచ్చళ్లు, దోమతెర మీ అమ్మ చూసుకుంటుంది. నేను కాగితాల సంగతి చెప్తా. నేను పోయేటప్పుడు వాటి వల్లే నాలుగు నెలలు ఇక్కడే కూర్చున్నా.

ముందు పేరు చూసుకో. నా పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. మనకది చిన్న విషయం. కౌంటర్ అవతల కూర్చున్నాయనకు మాత్రం నేను ఇద్దరు మనుషులను! నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించి తిరిగేసరికి, అంతకుముందే తీసుకున్న పోలీస్ క్లియరెన్స్ పాతబడింది. ఆరు నెలల లోపుదే కావాలన్నారు. మళ్లీ స్టేషన్, మళ్లీ వెరిఫికేషన్. అందుకే ఆ కాగితం చివర్లో తీసుకో.

డిగ్రీ పట్టాకు అపోస్టిల్ స్టిక్కర్ వేయిస్తే చాలని ఏజెంట్లు అంటారు. ఒక ఒప్పందంలో చేరిన దేశాలు ఒకరి కాగితాలు ఒకరు నేరుగా ఒప్పుకోవడానికి వేసే ముద్ర అది. మన దేశం 2005 నుంచి ఆ ఒప్పందంలో ఉన్నమాట నిజమే, కానీ ఉగాండా లేదు. కాబట్టి ముందు రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, తర్వాత విదేశాంగ శాఖ, ఆ తర్వాత ఢిల్లీలోని ఉగాండా హైకమిషన్. ఒక ముద్ర పడందే ఇంకో ముద్ర పడదు. విదేశాంగ శాఖ నేరుగా తీసుకోదు, తాను నియమించిన ఏజెన్సీల ద్వారానే తీసుకుంటుంది. ఒరిజినల్స్ ఎవరి చేతిలో పెడుతున్నావో చూసుకొని ఇవ్వు.

ఎల్లో ఫీవర్ టీకా హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. టీకా వేసినట్టు ఇచ్చే పసుపు కార్డు జీవితాంతం చెల్లుతుంది, తిరిగి వచ్చేటప్పుడు మన విమానాశ్రయంలోనూ అడుగుతారు. మీ నాయనమ్మకు ఆ జ్వరం పేరు చెప్పకు, కామెర్లనుకొని పసరు మందు పోయిస్తుంది.

అక్కడ పని చేయడానికిచ్చే పర్మిట్ ఆలస్యమైతే టూరిస్ట్ వీసా మీద వచ్చేయమని ఎవరో ఒకరు అంటారు. ఒప్పుకోకు. జీతం లేకపోయినా పని పనే. దొరికితే నిన్ను పంపించేస్తారు, నిన్ను పిలిచిన సంస్థ మాట పోతుంది. తెలిసినవాళ్లతో ఒక ఫోన్ చేయిద్దామనే మన అలవాటు కూడా ఇక్కడే వదిలిపెట్టు.

ఎదురుచూసే రోజులు ఊరికే పోనివ్వకు. అక్కడ యూ2 అని పిలిచే చేతిపంపు మన ఇండియా మార్క్-2 బోరింగే. మీ ఊరి బడి దగ్గరిది ఎప్పటినుంచో పాడైంది కదా, మెకానిక్ వెంట ఉండి నీ చేతులతో విప్పి, వాషర్లు మార్చి బిగించు.

నీ కాక