‘యో’ వదిలేయొచ్చు, ‘సోయ్’ వదలకూడదు

ప్రశ్న: స్పానిష్ ఇప్పుడే మొదలుపెట్టాను. ‘యో దె తిరుపతి’ అని రాస్తే తప్పన్నారు. ఎందుకండీ?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ‘మాది తిరుపతి’ అనే మన వాక్యంలో క్రియ ఉండదమ్మా, స్పానిష్‌లో ఉండి తీరాలి. అదే ‘సేర్’ (ఇంగ్లిష్ ‘టు బీ’ లాంటిది) క్రియ: యో సోయ్ (నేను), తూ ఎరెస్ (నువ్వు), ఎల్ ఎస్ (అతను), ఎయా ఎస్ (ఆమె), నొసోత్రోస్ సోమోస్ (మేము), ఎయోస్ సోన్ (వాళ్లు). క్రియే మనిషెవరో చెప్పేస్తుంది కాబట్టి, మన ‘వస్తాను’కి ‘నేను’ అక్కర్లేనట్టే, ‘సోయ్ దె తిరుపతి’ చాలు.

‘మేము’, ‘మనం’ రెంటికీ నొసోత్రోసే. అందరూ ఆడవాళ్లయితే నొసోత్రాస్.

అసలు తడబాటు ‘మీరు’ దగ్గర. కొండకొచ్చిన పెద్దాయన్ని ‘తూ’ అనకండి, ‘ఉస్తెద్’ అనండి. కానీ మన మీరులా బహువచన క్రియ తగిలించకూడదు. ‘ఉస్తెద్ ఎస్’ అనాలి. ‘సోన్’ వచ్చేది నలుగురితో మాట్లాడే ‘ఉస్తెదెస్’కి. స్పెయిన్‌లో చనువున్నవాళ్లకి వాడే ‘వొసోత్రోస్ సోయిస్’ తర్వాత నేర్చుకోవచ్చు.